ప్లగ్ పీకితే అంతా బిగుసుకుపోతోంది: తప్పు నా డ్రైవర్‌దేనా?

ప్రశ్న

పేరు రాయవద్దన్న ఈ పాఠకుడిది హైదరాబాద్. వయసు 27. ఒక చిన్న కంపెనీలో ఎంబెడెడ్ ఇంజినీరు. నాలుగు పేజీల ఉత్తరం సారాంశం ఇది.

వాళ్ల కంపెనీ మోటార్లు, పంపుల వైబ్రేషన్ కొలిచే పెట్టెలు తయారు చేస్తుంది. ఒక్కో పెట్టెకు నాలుగు చానెళ్లు, చానెల్‌కు సెకనుకు 25,600 శాంపిళ్లు, శాంపిల్‌కు 4 బైట్లు. డేటా అంతా హై స్పీడ్ యూఎస్‌బీలో ఒకే బల్క్ ఇన్ ఎండ్‌పాయింట్ (పెట్టె నుంచి పీసీకి డేటా వచ్చే దారి) మీద వస్తుంది. సెట్టింగులు కంట్రోల్ రిక్వెస్టులతో వెళ్తాయి. లినక్స్ కెర్నెల్ సోర్సులో నమూనాగా ఇచ్చే యూఎస్‌బీ-స్కెలిటన్ ఫైలును పట్టుకుని డ్రైవర్ ఆయనే రాశారు. 4.4 కెర్నెల్ ఉన్న పాత ఏఆర్ఎం బోర్డు మీద అది రెండేళ్లు మాట రాకుండా నడిచింది. ఇప్పుడు కస్టమర్లు 6.8 కెర్నెల్ ఉన్న పీసీలకు మారారు. గొడవలన్నీ అక్కడ మొదలయ్యాయి.

సెట్టింగ్ మార్చబోతే -11 అనే ఎర్రర్ కోడ్ వస్తోంది. డేటా చదువుతుండగా కేబుల్ పీకితే ఆ హబ్‌లో తర్వాత పెట్టిన పెన్‌డ్రైవ్ కూడా కనిపించదు. అప్లికేషన్ మూసేస్తే మాత్రం అన్నిటికీ ఒక్కసారిగా ప్రాణం వస్తుంది. ఆఫీసులో సీనియర్ అన్న చెప్పాడని రీడ్ ఫంక్షన్‌లో మ్యూటెక్స్ (ఒకసారికి ఒక్కరినే లోపలికి వదిలే తాళం) తీసేశారు. హ్యాంగ్ పోయింది గానీ, పదిసార్లు పీకితే ఒకసారి కెర్నెల్ ఊప్స్ (కెర్నెల్ లోపలే క్రాష్) వస్తోంది. ఇవి చాలవన్నట్టు ఒక ఫ్యాక్టరీలో లాగ్ నిండా -71 ఎర్రర్లు. 'ఫెయిలైతే మళ్లీ ట్రై చేయించు' అని ఎండీ సార్ అంటే కాల్‌బ్యాక్‌లో (ట్రాన్స్‌ఫర్ ముగిసినప్పుడు కెర్నెల్ పిలిచే ఫంక్షన్) రీట్రై పెట్టారు. దాంతో లాగ్ ఫైలు గిగాబైట్లు దాటి డిస్క్ నిండిపోయింది.

ఆరు పెట్టెలు వెనక్కి పంపుతామని కస్టమర్ మూడు వారాలు గడువిచ్చాడు. సీనియర్ అన్న 'అసలు కెర్నెల్‌లో ఎందుకు పెట్టావ్, లిబ్‌యూఎస్‌బీ సరిపోయేదిగా' అంటున్నాడు (కెర్నెల్ డ్రైవర్ రాయకుండా మామూలు ప్రోగ్రాం నుంచే యూఎస్‌బీతో మాట్లాడే లైబ్రరీ అది). ఈయనేమో డ్రైవర్‌ను మెయిన్‌లైన్ కెర్నెల్‌లోకి (అందరికీ విడుదలయ్యే అసలు లినక్స్ కెర్నెల్) పంపిస్తానని ఆఫీసులో అందరికీ చెప్పేశారు. 'తప్పు నాదేనా? సరిచేయనా, పారేయనా? సార్‌కి ఏం చెప్పాలి? గడువు రాకముందే రిజైన్ చేయాలనిపిస్తోంది' అని ముగించారు.

సమాధానం

ముందు మొదటి ప్రశ్న. కోడులో తప్పులున్నాయి, అవి మీవే. కానీ మీరు ఒక్క బగ్ అనుకుంటున్నవి నాలుగు. వాటిలో ఒకటి మీది కాకపోవచ్చు, ఇంకొకటి సీనియర్ అన్న సలహాతో బయటపడింది. నాలుగూ ఒకే వారంలో మీద పడేసరికి డ్రైవర్ మొత్తం కుళ్లిపోయిందనిపిస్తోంది మీకు. విడదీస్తే ఇందులో మీ చేతికి అందనిది ఏదీ లేదు.

తేలికైనది -11. మీ సెట్టింగ్ ఫంక్షన్ తెరిచి చూడండి. ఎనిమిదో పదహారో బైట్ల అర్రే లోకల్ వేరియబుల్‌గా పెట్టి, దాని అడ్రస్ నేరుగా యూఎస్‌బీ_కంట్రోల్_ఎంఎస్‌జీకి ఇచ్చి ఉంటారు. యూఎస్‌బీ బఫర్ డీఎంఏకు (హార్డ్‌వేర్ నేరుగా మెమరీని చదివి రాసే పద్ధతి) పనికొచ్చే మెమరీలో ఉండాలి, లోకల్ వేరియబుళ్లు ఉండే స్టాక్ మీద ఉండకూడదు. ఈ నియమం ఎప్పటి నుంచో ఉంది. పాత బోర్డులో అదృష్టం కొద్దీ నడిచింది, అంతే. 2016 డిసెంబరులో వచ్చిన 4.9 నుంచి ఎక్స్86 మీద కెర్నెల్ స్టాక్‌ను వీమాల్లాక్ మెమరీలో (డీఎంఏకు నేరుగా పనికిరానిది) పెట్టడం మొదలైంది. ఇప్పటి యూఎస్‌బీ కోర్ అలాంటి బఫర్‌ను చూడగానే ఒక హెచ్చరిక రాసి -11 తిప్పికొడుతుంది. డీమెసేజ్‌లో (కెర్నెల్ లాగ్) ఆ హెచ్చరిక బూట్ తర్వాత ఒక్కసారే పడుతుంది కాబట్టి మీ కంట పడి ఉండదు. కేమాల్లాక్‌తో బఫర్ తీసుకోండి. లేదా 5.10లో వచ్చిన యూఎస్‌బీ_కంట్రోల్_ఎంఎస్‌జీ_సెండ్, రిసీవ్ వాడండి, అవి లోపల తామే కాపీ చేసుకుంటాయి. ఇక్కడ ఒక మెలిక ఉంది. పాత ఫంక్షన్ విజయవంతమైతే బైట్ల సంఖ్య ఇచ్చేది, కొత్తవి 0 ఇస్తాయి. తిరిగొచ్చిన విలువను పొడవుతో పోల్చే పాత 'ఇఫ్'ను అలాగే వదిలేస్తే బాగున్న కమాండు కూడా ఫెయిలైనట్టే కనిపిస్తుంది. అరపూట పని.

అసలు సంగతి కేబుల్ పీకడం దగ్గర ఉంది. 'అప్లికేషన్ మూసేస్తే అన్నిటికీ ప్రాణం వస్తుంది' అని ఉత్తరంలో దాటవేసినట్టు ఒక వాక్యం రాశారు. రోగం పేరు ఆ వాక్యంలోనే ఉంది. మీ రీడ్ ఫంక్షన్ మ్యూటెక్స్ పట్టుకుని, డేటా కోసం నిద్రపోతోంది. కేబుల్ పీకారు. యూఆర్‌బీ (డేటా కోసం యూఎస్‌బీ కోర్‌కు ఇచ్చిన కోరిక) ఎర్రర్‌తో తిరిగొచ్చింది. మీ కాల్‌బ్యాక్ ఆ ఎర్రర్ చూసి, ఎవరినీ లేపకుండా వెనక్కి వెళ్లిపోయింది. ఇంతలో హబ్ పనులు చూసే కెర్నెల్ వర్కర్ మీ డిస్కనెక్ట్ ఫంక్షన్‌ను పిలిచింది. అది అదే మ్యూటెక్స్ కోసం ఆగింది. ఇక రాని డేటా కోసం రీడ్, రీడ్ కోసం డిస్కనెక్ట్, డిస్కనెక్ట్ కోసం హబ్. ఆ హబ్‌లో ఏది పెట్టినా గుర్తించే నాథుడు లేడు. అప్లికేషన్ చస్తే రీడ్ లేస్తుంది, తాళం వదులుతుంది, గొలుసు మొత్తం కదులుతుంది. నమ్మకం కుదరకపోతే, బిగుసుకున్నప్పుడు సిస్‌ఆర్‌క్యూ (కెర్నెల్‌నే నేరుగా అడిగే ఏర్పాటు) ట్రిగ్గర్ ఫైల్లోకి చిన్న అక్షరం 'డబ్ల్యూ' రాయండి. ఎక్కడెక్కడ ఎవరు ఆగిపోయారో డీమెసేజ్‌లో పడుతుంది. అప్లికేషన్ మూయకుండా రెండు నిమిషాలు ఆగితే, హంగ్ టాస్క్ గమనించే ఏర్పాటు ఆన్‌లో ఉన్న కెర్నెల్ తానే '120 సెకన్లకు పైగా ఆగింది' అని చెబుతుంది.

మ్యూటెక్స్ తీసేయమన్న సలహా తాళం సమస్యను ప్రాణం మీదికి తెచ్చింది. ఇప్పుడు డిస్కనెక్ట్ ఆగకుండా నడిచి, మీ డివైస్ స్ట్రక్చర్‌ను కేఫ్రీ చేసేస్తోంది, అంటే ఆ మెమరీని వదిలేస్తోంది. ఫైలు ఇంకా తెరిచే ఉంది, రీడ్ అందులోనే నిద్రపోతోంది. అది లేచి చూసే మెమరీ అప్పటికే వేరొకరిది. పదింట ఒకసారే ఊప్స్ రావడం మిగతా తొమ్మిదిసార్లు బాగుందని కాదు. ఆ మెమరీలోకి అప్పటికి వేరొకరు రాలేదు, అంతే.

స్కెలిటన్ ఫైల్లో దీనికి మందు ఉంది. కెరెఫ్ లెక్క (స్ట్రక్చర్‌ను ఇంకా ఎందరు వాడుతున్నారో చెప్పేది), యూఆర్‌బీ యాంకర్ (పంపిన యూఆర్‌బీలను ఒకచోట కట్టి ఉంచేది), 'డిస్కనెక్టెడ్' అనే జెండా. మొదటిసారి చదివినప్పుడు అవి అలంకారాల్లా కనిపిస్తాయి, చాలామంది తీసేసి 'సింపుల్' చేసుకుంటారు. తిరిగి పెట్టండి. వరుస కూడా ముఖ్యం. డిస్కనెక్ట్‌లో ముందు యూఎస్‌బీ_డీరిజిస్టర్_డెవ్: కొత్తగా ఓపెన్‌లు ఆగుతాయి. తర్వాత మ్యూటెక్స్ పట్టుకుని జెండా పైకెత్తి, వెంటనే వదిలేయండి. ఆ పైన యాంకర్‌లో ఉన్న యూఆర్‌బీలను పాయిజన్ చేయండి. కిల్ ఆ క్షణానికి ఆపుతుంది, పాయిజన్ ఆ తర్వాత సబ్మిట్ చేయబోయినా ఒప్పుకోదు. కాల్‌బ్యాక్‌లోనే మళ్లీ సబ్మిట్ చేసే మీలాంటి డ్రైవర్‌కు రెండోదే నిశ్చింత. ఈ రెండూ నిద్రపోగల ఫంక్షన్లు. స్పిన్‌లాక్ పట్టుకుని పిలిచారంటే ఇంకో హ్యాంగ్ కొని తెచ్చుకున్నట్టే. తర్వాత వెయిట్ క్యూను (డేటా కోసం నిద్రపోతున్నవాళ్ల వరుస) లేపండి. ఆఖరున కెరెఫ్_పుట్. కేఫ్రీ డిస్కనెక్ట్‌లో ఎక్కడా ఉండకూడదు, కెరెఫ్ సున్నాకు చేరినప్పుడు పిలిచే డిలీట్ ఫంక్షన్‌లోనే ఉండాలి. ఫైలు తెరిచి ఉంటే ఆ సున్నా రిలీజ్‌లో వస్తుంది.

రీడ్ వైపు: నిద్రపోయేటప్పుడు మ్యూటెక్స్ చేతిలో ఉండొద్దు. లేవాల్సిన షరతు 'డేటా వచ్చింది' అని ఒక్కటే కాదు, 'డేటా వచ్చింది, లేదా ఎర్రర్ వచ్చింది, లేదా డిస్కనెక్ట్ అయింది'. లేచాక మ్యూటెక్స్ తీసుకుని జెండా చూడండి. ఎత్తి ఉంటే ఈఎన్ఓడెవ్ (డివైస్ లేదు) అని చెప్పి బయటికి. కాల్‌బ్యాక్ మాత్రం ఏ ఎర్రర్ వచ్చినా వేకప్ పిలవాలి. -2, -104, -108 వస్తే మళ్లీ సబ్మిట్ చేయకూడదు, అవి 'ఇక చాలు' అనే కబుర్లు. సబ్మిట్ చేసే చోట జీఎఫ్‌పీ_అటామిక్ (నిద్రపోకుండా మెమరీ అడగడం) ఉందో లేదో చూడండి. కాల్‌బ్యాక్‌లో నిద్రపోగల జీఎఫ్‌పీ_కెర్నెల్ ఉంటే మెమరీ బిగుతుగా ఉన్న రోజున పడేస్తుంది.

దీన్ని మీ లాప్‌టాప్ మీద పరీక్షించి పదిసార్లు రీబూట్ చేసుకోవద్దు. క్యూఈఎంయూలో (పీసీ లోపల ఇంకో పీసీని, అంటే గెస్ట్‌ను, నడిపే సాఫ్ట్‌వేర్) ఎక్స్‌హెచ్‌సీఐ అనే యూఎస్‌బీ కంట్రోలర్ పెట్టి, మీ పెట్టెను యూఎస్‌బీ-హోస్ట్‌గా లోపలికి ఇవ్వండి. ఊప్స్ వస్తే గెస్ట్ పడుతుంది, మీ ఎడిటర్ పడదు. ఆ గెస్ట్ కెర్నెల్‌ను కేశాన్ (మెమరీ తప్పులు పట్టేది), ప్రూవ్ లాకింగ్ (తాళాల తప్పులు పట్టేది), డీబగ్ అటామిక్ స్లీప్ (నిద్రపోకూడని చోట నిద్రను పట్టేది), ఈ మూడు ఆప్షన్లతో బిల్డ్ చేయండి. కేశాన్ మెమరీలో ఎనిమిదో వంతు తన లెక్కలకు తీసుకుంటుంది, వేగమూ బాగా తగ్గుతుంది. పరీక్షకు పర్వాలేదు. పదింట ఒకసారి వచ్చే ఊప్స్, కేశాన్ ఉంటే ఖాళీ చేసిన మెమరీని ముట్టుకున్న తొలిసారే ఎవరు ఖాళీ చేశారు, ఎవరు ముట్టుకున్నారు అని రెండు స్టాక్‌లూ చూపిస్తుంది. చేత్తో పీకే బదులు సిస్‌ఎఫ్ఎస్‌లో (కెర్నెల్ డివైస్‌లను ఫైళ్లుగా చూపే చోటు) ఆ డివైస్ కింద ఉండే 'ఆథరైజ్డ్' ఫైల్లో 0, 1 మార్చి మార్చి రాసే స్క్రిప్టు పెట్టి, రీడ్ నడుస్తుండగా 500 సార్లు తిప్పండి. అది మెత్తగా తీసేయడం, నిజంగా పీకడంలో వచ్చే -71 ఇందులో రాదు. కాబట్టి చివర్లో చేత్తోనూ ఓ యాభైసార్లు పీకాల్సిందే.

ఇక ఆ -71. దాని పేరు ఈప్రోటో: తీగ మీద ప్రోటోకాల్ ప్రకారం రావాల్సింది రాలేదని హోస్ట్ కంట్రోలర్ ఫిర్యాదు. కేబుల్ పీకిన క్షణం నుంచి హబ్ ఆ సంగతి చెప్పేదాకా ఇదే వస్తుంది. ఆ కొద్ది వ్యవధిలో కాల్‌బ్యాక్ వెంటనే మళ్లీ సబ్మిట్ చేస్తే, వెంటనే మళ్లీ ఫెయిలవుతుంది, ప్రతిసారీ ఒక లైను రాస్తుంది. సార్ చెప్పిన రీట్రై వల్ల డిస్క్ నిండింది ఇలాగే. రీట్రై ఆలోచన తప్పు కాదు, ఆత్రం తప్పు. కెర్నెల్‌లోని యూఎస్‌బీహెచ్‌ఐడీ (కీబోర్డు, మౌస్‌లది) డ్రైవర్ ఎలా చేస్తుందో చూడండి: మొదటి ఎర్రర్‌కు 13 మిల్లీసెకన్లు ఆగుతుంది, తర్వాత ప్రతిసారీ రెట్టింపు, 100 దాటాక పెంచడం ఆపుతుంది. ఒక సెకను గడిచినా ఎర్రర్లు ఆగకపోతే డివైస్‌ను రీసెట్ చేస్తుంది. అదే పద్ధతి పెట్టండి, లాగ్‌కు రేట్‌లిమిటెడ్ వాడండి.

కానీ ఫ్యాక్టరీలో ఎవరూ పీకకుండానే -71 వస్తోందన్నారు. ఇది మీది కాకపోవచ్చన్నది ఇందుకే. పక్కన వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే డ్రైవ్) నడుస్తుంటే, పెట్టె చాసిస్ మోటారు ఎర్త్‌కు, పీసీ ఇంకో ఎర్త్‌కు కట్టి ఉంటే, హై స్పీడ్ సిగ్నల్ నిలవడం కష్టం. ముందు సాక్ష్యం పట్టండి: యూఎస్‌బీమాన్ (యూఎస్‌బీ రాకపోకలు రికార్డు చేసేది) మాడ్యూల్ లోడ్ చేసి వైర్‌షార్క్‌లో ఆ బస్సును క్యాప్చర్ చేయండి. డీబగ్‌ఎఫ్ఎస్‌లోని టెక్స్ట్ రూపం కూడా ఉంది గానీ అది ప్రతి యూఆర్‌బీలో మొదటి 32 బైట్లే చూపిస్తుంది. -71 లు మోటారు స్టార్ట్ అయిన సమయాలతో కలిస్తే తప్పు తీగది. కమాండు పంపిన వెంటనే వస్తుంటే ఫర్మ్‌వేర్‌ది. -75 కనిపిస్తే మాత్రం మళ్లీ మీ దగ్గరికే వస్తుంది: చదివే బఫర్ 512కు గుణిజంగా లేదు, ఆఖరి ప్యాకెట్‌కు చోటు చాలలేదు. తప్పు తీగదని తేలి, రెండు ఎర్త్‌లను విడదీసే ఐసొలేటర్ కొనేటప్పుడు జాగ్రత్త. చవకగా దొరికేవి ఏడీయూఎం4160 చిప్‌తో వస్తాయి, అది 12 మెగాబిట్ల ఫుల్ స్పీడే మోస్తుంది. మీ డేటా సెకనుకు 4,09,600 బైట్లు. ఫుల్ స్పీడ్ బల్క్‌లో ఖాళీ బస్సు మీద సిద్ధాంతపరంగా 12 లక్షల బైట్ల దాకా పడుతుంది కాబట్టి ఇరుగ్గానైనా సరిపోతుంది. అయితే ఫర్మ్‌వేర్‌లో 64 బైట్ల ప్యాకెట్‌తో ఫుల్ స్పీడ్ డిస్క్రిప్టర్లు ఉండాలి. అవి లేకపోతే పెట్టె అసలు పలకదు.

ఇప్పుడు సీనియర్ అన్న మాట. మ్యూటెక్స్ విషయంలో ఆయన తప్పు, లిబ్‌యూఎస్‌బీ విషయంలో ఆయనది సరైన మాట. హై స్పీడ్ బల్క్ గరిష్ఠం సెకనుకు 5.3 కోట్ల బైట్లు, మీరు వాడేది అందులో ఒక శాతం కూడా కాదు. నెట్‌వర్క్, స్టోరేజీ, సౌండ్‌లా కెర్నెల్‌లోని మరో విభాగంతో కలవాల్సిన పనీ మీ పెట్టెకు లేదు. గోటితో పోయేదానికి గొడ్డలి తీశారు. అంతమాత్రాన ఇప్పటి డ్రైవర్‌ను పారేయమని కాదు. మీ ముందున్న దారులు, వాటి ఖర్చులు చెబుతాను, ఎంచుకోవడం మీరే.

డ్రైవర్‌ను సరిచేసి కంపెనీ దగ్గరే ఉంచుకుంటే, పైన చెప్పిన మరమ్మతు, పరీక్ష కలిపి పది రోజులు పట్టొచ్చు. అప్లికేషన్ ముట్టుకోనక్కర్లేదు. కానీ ఆ తర్వాతి కాపలా ఆగదు. కెర్నెల్ లోపలి ఫంక్షన్లు ఎప్పుడైనా మారతాయి. 6.4లో క్లాస్_క్రియేట్ ఒక ఆర్గ్యుమెంట్ వదిలేసుకుంటే, దాన్ని పిలిచే బయటి డ్రైవర్లు కంపైల్ కాకుండా పోయాయి. డీకేఎంఎస్ (కెర్నెల్ మారినప్పుడల్లా మాడ్యూల్‌ను తిరిగి కంపైల్ చేసేది) పెట్టినా, కస్టమర్ పీసీలో సెక్యూర్ బూట్ ఉంటే మాడ్యూల్‌కు సంతకం, ఆ కీని ప్రతి పీసీలో ఎన్‌రోల్ చేయడం మీ నెత్తినే. ఇంకో సంగతి. 2008లో వచ్చిన 2.6.25 నుంచి యూఎస్‌బీ కోర్ ఫంక్షన్లు జీపీఎల్ (సోర్సు కోడు పంచాల్సిన లైసెన్సు) మాడ్యూళ్లకే అందుతాయి. కోడు మూసి ఉంచాలని సార్ అనుకుంటుంటే ఈ దారి లేదు.

లిబ్‌యూఎస్‌బీకి మారితే, 16 కిలోబైట్ల ట్రాన్స్‌ఫర్లు ఎనిమిది వరుసలో పెట్టండి. ఒక్కోటి 40 మిల్లీసెకన్లకు నిండుతుంది, మీ ప్రోగ్రాం 300 మిల్లీసెకన్లు ఆలస్యమైనా డేటా పోదు. డివైస్‌ను ఎవరు వాడొచ్చో చెప్పే యూడెవ్ రూల్ ఒకటి రాయాలి. అందులో 'యూయాక్సెస్' ట్యాగ్ వాడితే ఫైలు పేరులోని నంబరు 73 కంటే తక్కువ ఉండాలి, లేకపోతే రూల్ ఉన్నా పర్మిషన్ రాదు. ఇందులో చాలామంది ఒక రోజు పోగొట్టుకుంటారు. కేబుల్ పీకినప్పుడు పెండింగ్ ట్రాన్స్‌ఫర్లన్నిటి కాల్‌బ్యాక్‌లు వచ్చేదాకా మెమరీ వదలకూడదన్న నియమం ఇక్కడా ఉంది. మరిచిపోతే చచ్చేది మీ ప్రోగ్రాం మాత్రమే, కస్టమర్ పీసీ కాదు. నష్టం: డివైస్ ఫైలు నుంచి చదివే ఇప్పటి అప్లికేషన్‌లో ఆ భాగం తిరగరాయాలి, ఒకేసారి రెండు ప్రోగ్రాంలు అదే ఇంటర్‌ఫేస్‌ను పట్టుకోలేవు.

ఫర్మ్‌వేర్ మీ చేతిలో ఉంటే సీడీసీ-ఏసీఎం సీరియల్‌గా కనిపించేలా మార్చడం మూడో దారి. లినక్స్‌లో డ్రైవర్ సిద్ధంగానే ఉంది. టీటీవైని (ఆ సీరియల్ పోర్టును) రా మోడ్‌లో, అంటే బైట్లను ముట్టుకోకుండా ఇచ్చేలా, పెట్టడం మరిస్తే బైట్లు మారిపోతాయి, కొన్ని డిస్ట్రోల్లో మోడెమ్‌మేనేజర్ వచ్చి ఇది మోడెమేమోనని ఏటీ కమాండ్లు పంపి చూస్తుంది. ఇప్పటికే అమ్మిన పెట్టెలకు ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఎలా చేరుతుందన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

మెయిన్‌లైన్ సంగతి: మూడు వారాల్లో కాదు. కెర్నెల్ తొమ్మిది, పది వారాలకొకసారి వస్తుంది. రివ్యూ అయి, మెర్జ్ విండోలో పడి, డిస్ట్రోకు చేరేసరికి నెలలు. పైగా అక్కడ అడిగే తొలి ప్రశ్న 'ఇది లిబ్‌యూఎస్‌బీతో ఎందుకు కాదు' అనే. స్కెలిటన్‌లోని నమూనా వెండర్ ఐడీ ఎఫ్ఎఫ్ఎఫ్0 మీ పెట్టెలోనూ ఉండిపోయిందేమో చూసుకోండి. అది ఎవరికీ కేటాయించినది కాదు, అమ్మే వస్తువులో ఉండకూడదు. సొంత వెండర్ ఐడీకి వేల డాలర్లవుతాయి. కొందరు చిప్ తయారీదారులు తమ ఐడీ కింద ప్రోడక్ట్ ఐడీ ఇస్తారు, ముందు మీ చిప్ కంపెనీని అడగండి. మెయిన్‌లైన్ కోరిక నిజంగా ఉంటే, ఇప్పటికే అక్కడున్న ఏదైనా యూఎస్‌బీ డ్రైవర్‌లో చిన్న లోపం సరిచేసి పంపండి. చెక్‌ప్యాచ్ (కోడు శైలి తనిఖీ చేసే స్క్రిప్టు) నడిపి, గిట్ సెండ్-ఈమెయిల్‌తో. ఆఫీసు మెయిల్ కింద 'ఇది రహస్యం' అని అతికే నోటు ఉంటే ఆ అడ్రస్ వాడొద్దు, అలాంటి ప్యాచ్ తీసుకోరు.

నన్ను అడిగితే, కస్టమర్‌కు లిబ్‌యూఎస్‌బీ వెర్షన్, ఈలోగా ఆ ఆరు పెట్టెలకు తాత్కాలికంగా మరమ్మతు చేసిన డ్రైవర్. రెండూ మూడు వారాల్లో పడతాయి, కాస్త బిగుతుగా. కానీ ఫ్యాక్టరీకి వెళ్లిరావడం ఆలస్యమైతే రెండోదాంతోనే గడువు గట్టెక్కాల్సి వస్తుంది, అది తెలిసే మొదలుపెట్టండి.

సార్‌కి చెప్పేటప్పుడు మ్యూటెక్స్, కెరెఫ్ అనొద్దు. 'నాలుగు సమస్యలున్నాయి సార్. రెండు నా కోడులోవి, కారణం దొరికింది, ఫలానా రోజుకు సరిచేస్తాను. లాగ్ నిండటం మనం పెట్టిన రీట్రై వల్ల, అది ఇవాళే మారుస్తాను. నాలుగోది వైరింగ్ అనుకుంటున్నాను, తేల్చడానికి సైట్‌లో ఒక రోజు కావాలి' అనండి. రీట్రై 'మనం' పెట్టాం అనడం మర్యాద కూడా, నిజం కూడా. రిజైన్ చేసే హక్కు మీకెప్పుడూ ఉంది. కారణం తెలిసిన బగ్‌ను మధ్యలో వదిలి వెళ్తే మాత్రం, మీ తర్వాత వచ్చేవాళ్లు మ్యూటెక్స్ తిరిగి పెట్టి మళ్లీ హ్యాంగ్ దగ్గరికే వస్తారు.

సైట్‌కు వెళ్లేరోజు ఒక మీటరు షీల్డెడ్ కేబుళ్లు రెండు, బయటి కరెంటు తీసుకునే హబ్ ఒకటి, బ్యాటరీ మీద నడిచే లాప్‌టాప్ తీసుకెళ్లండి. ముందు హబ్ లేకుండా, చార్జర్ పీకేసి, మోటారు ఆపి అరగంట క్యాప్చర్ చేయండి. తర్వాత మోటారు ఆన్ చేసి అరగంట. ఆపైన చార్జర్ పెట్టి ఇంకో అరగంట. ఒక్కోసారి ఒక్కటే మార్చండి, ఏ ఫైలు ఎప్పటిదో టైముతో రాసుకోండి.